సజ్జ చేలో డబ్బాల తోరణం

ఈమధ్య ఆత్మకూరులో ఆర్గానిక్ కానిది ఏదైనా ఉందంటే అది బస్టాండు టీ ఒక్కటే. బెల్లం ఆర్గానిక్, నూనె ఆర్గానిక్, చివరికి చీపురు కట్టకి కూడా పచ్చ ఆకు బొమ్మ స్టిక్కరు అంటించి అమ్ముతున్నారు. ఆ గాలి సీతారామపురం దగ్గరి ఊళ్ళ దాకా వచ్చింది. మాల్యాద్రి గాలివాటం చూసి నడిచే మనిషి. ఉదయగిరిలో ఒక కట్ట స్టిక్కర్లు అచ్చువేయించి తన వంకాయల సంచులకి అంటించి ఆత్మకూరులో అమ్ముతున్నాడు. పురుగుమందు కొట్టడం మాత్రం మానలేదు. మానితే తోటలో పురుగు తప్ప ఏం మిగులుతుందని ఆయన వాదన. ఆ వాదన తనలో తనే చేసుకుని, ఊళ్ళో మాత్రం మానేశానని చెప్పుకున్నాడు.

పక్క చేను నాగులమ్మది. ఆమె నిజంగానే మానేసింది. మూడేళ్ళుగా పేడ ఎరువు, గొర్రెల ఎరువు, వేపాకు కషాయం తప్ప మరొకటి చేలో పడనివ్వలేదు. పంట తగ్గినా పళ్ళ బిగువున నిలబడింది. ఈసారి తనిఖీ దాటితే ఆర్గానిక్ సర్టిఫికెట్ చేతికొస్తుంది. దాటకపోతే మళ్ళీ మొదటినుంచి మూడేళ్ళు.

సజ్జ కంకులు పాలు పోసుకునే వేళకి పిట్టలు దిగాయి. ఖాళీ డబ్బాల్లో గులకరాళ్ళు వేసి, తాడుకి గుచ్చి, చేనికి అడ్డంగా కట్టి పిట్టల్ని తోలడం ఆ వైపు అందరికీ అలవాటే. నాగులమ్మ అవస్థ చూడలేక మాల్యాద్రి తన కొట్టంలో ఉన్న డబ్బాలన్నీ మూటకట్టి తెచ్చి, తానే కట్టి ఇచ్చాడు. అవి పురుగుమందు డబ్బాలన్న సంగతి ఇద్దరికీ తట్టనే లేదు. చేలో ఎప్పుడూ కట్టేవి అవే మరి. డబ్బాలు గలగలమన్నాయి, పిట్టలు లేచిపోయాయి. మాల్యాద్రికి భలే సంతోషమేసింది.

తనిఖీ రోజు పెంచలప్రసాద్ అనే కుర్ర ఆఫీసరు వచ్చాడు. యేసురత్నం, మరికొందరు రైతులు వెంట ఉన్నారు. మాల్యాద్రీ వెళ్ళి నిలబడ్డాడు. ఆఫీసరు చేను చూశాడు, తలెత్తి తాడు చూశాడు.

"ఏందమ్మా ఇది? సేంద్రియ చేలో పురుగుమందు డబ్బాల తోరణమా?"

"పిట్టలకి సార్," అంది నాగులమ్మ. "నావి కావు. మా మాల్యాద్రన్న ఇచ్చినాడు. ఆయన మందు మానేసి శానా కాలమయింది, పాతవి పడుంటే తెచ్చి కట్టినాడు."

ఆఫీసరు ఒక డబ్బా తెంపి తిప్పి చూశాడు. "పాతవి కాదమ్మా. ఈ సంవత్సరం తయారైనవి. ఇవి వేరే చేలో కొట్టినవని ఎవరూ చెప్పకపోతే మీ పేరు కొట్టేయాల్సిందే."

నాగులమ్మ మొహం పాలిపోయింది. యేసురత్నం నేలచూపులు చూశాడు. మాల్యాద్రి లోపల లెక్క వేసుకున్నాడు. నోరు మూసుకుంటే ఆమె మూడేళ్ళు పోతాయి, తెరిస్తే ఆత్మకూరులో తన పరువు, స్టిక్కరు రెండూ పోతాయి. కాస్త ఆగితే ఆఫీసరే మెత్తబడతాడేమోనని ఆగి చూశాడు. ఆయన మెత్తబడలేదు, పెన్ను తీశాడు.

"నావే సార్," అన్నాడు మాల్యాద్రి. "నా వంకాయ తోటకి కొట్టినాను. మొన్న గూడా కొట్టినాను. ఆయమ్మకి తెలీదు."

ఆఫీసరు డబ్బాలన్నీ విప్పించి, మట్టీ కంకులూ పరీక్షకి తీసుకున్నాడు. అందులో ఏమీ తేలకపోతే సర్టిఫికెట్‌కి ఢోకా లేదని నాగులమ్మకి చెప్పి, రైతులతో కలిసి వెళ్ళిపోయాడు.

మాల్యాద్రికి గుండె తేలికైంది. సిగ్గు ఉండనే ఉంది గానీ, మంచిపని చేశానన్న గర్వం కూడా కాస్త తోడైంది. నాగులమ్మ ఒక మంచి మాట అంటుందని నిలబడ్డాడు. ఆమె ఆయన వైపు తిరిగింది.

"అన్నా, మా పిల్ల రూబీ పురిటికొచ్చినకాడ్నుంచి వేరే కూర ముట్టడంలేదు," అంది. "మందు లేనివి గదా అని రోజూ నీ వంకాయలే వండి పెడతా ఉండాను."