ఉన్ని గదిలో అత్తగారు

మ్యూజియంలో ఆమెకు తోటివాళ్ళు పెట్టిన పేరు ముట్టుకోకమ్మ. చేరిన కొత్తలో ఆమెది గదుల్లో కాపలా పని. ఎవరి వేలైనా ఒక బొమ్మ వైపు సాగితే చాలు, ఏ మూల నుంచో "ముట్టుకోకండి!" అని వినిపించేది. తర్వాత ప్రదర్శనల బాధ్యత చూసే అధికారి అయింది గానీ ఆ పేరు మాత్రం వదల్లేదు. అలాంటి మనిషికి ఈసారి అప్పగించింది అందరూ ముట్టుకోవలసిన ప్రదర్శన.

పెద్ద హాలు, నిండా పాత చెక్క కుర్చీలు. గుమ్మం దగ్గర బుట్టల్లో రంగురంగుల ఉన్ని. వచ్చినవాళ్ళు నచ్చిన రంగు తీసుకుని ఒక కుర్చీకి కట్టి, ఇంకో కుర్చీ దాకా లాక్కెళ్ళి ముడి వేస్తారని దాన్ని రూపొందించిన కళాకారిణి ఊహ. గోడ మీద మాత్రం ఆవిడ పెద్ద అక్షరాలతో ఒక్క మాటే రాయించింది: "ఈ గదిలో మీకు తోచింది చెయ్యండి."

మొదట్లో జనం చేతులు వెనక్కి కట్టుకుని చూసి వెళ్ళిపోయారు. మెల్లగా బిడియం పోయింది. నెల తిరిగేసరికి హాలంతా సాలెగూడులా అల్లుకుపోయి, వంగి దూరితే గానీ నడవలేనట్టయింది.

ఆ ఆదివారం భర్త పనిమీద పొరుగూరు వెళ్ళాడు. అత్తగారిని ఇంట్లో ఒంటరిగా వదలలేక ఆమె తనతోపాటు మ్యూజియానికి తీసుకొచ్చింది. మామగారు పోయాక ఆవిడ వీళ్ళ దగ్గరికి వచ్చి ఎంతో కాలం కాలేదు. అత్తాకోడళ్ళు ఇద్దరూ ఏనాడూ మాటామాటా అనుకున్నది లేదు, మనసు విప్పి మాట్లాడుకున్నదీ లేదు. నాలుగు రోజులుండి పోయే చుట్టంలా ఆవిడ, చుట్టానికి మర్యాదలు చేస్తున్నట్టు ఈమె.

"పైన మీటింగుంది అత్తయ్యా. ఇక్కడ కూర్చోండి, అయిపోగానే వచ్చేస్తా."

"నా గురించి కంగారుపడకమ్మా. చూస్తూ కూర్చుంటాను."

మీటింగు సాగి సాగి ఎప్పటికో ముగిసింది. కోడలు కిందికి దిగి హాల్లోకి అడుగుపెట్టింది. కిటికీ వైపు మూలంతా బోడిగా ఉంది. అక్కడి కుర్చీలకు ఒక్క దారం కూడా లేదు. మధ్యలో అత్తగారు, ఒళ్ళో నీలం, పసుపు, ఎరుపు ఉన్ని ఉండలు. ఆవిడకు ఎదురుగా ఎవరో కళ్ళజోడు పెద్దమనిషి రెండు చేతులూ చాపి, వాటికి వరసలుగా చుట్టిన ఆకుపచ్చ ఉన్ని దారాల చిలపను బుద్ధిగా పట్టుకుని కూర్చున్నాడు. అత్తగారు దారం లాగి ఉండ చుడుతోంది. చుట్టూ పదిమంది నిలబడి తమ వంతు కోసం చూస్తున్నారు.

"నువ్వైనా ఆపొచ్చు కదా!" అంది కోడలు, తలుపు దగ్గరున్న కాపలాదారుతో.

"ఎవర్నీ ఏమీ అనొద్దని మీరే కదా మేడమ్ చెప్పారు?"

ఆమె గబగబా వెళ్ళి, "అత్తయ్యా! ఏం చేస్తున్నారు?" అంది.

"చిక్కు తీస్తున్నానమ్మా. ఎంత మంచి ఉన్నో చూడు."

సరిగ్గా అప్పుడే కళాకారిణి వచ్చింది. బోడి మూలను చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. కోడలు ఎదురెళ్ళి, "మా అత్తగారండీ... తెలియక..." అని నసిగింది.

ఆ మాట అత్తగారి చెవిన పడింది. ముఖం చిన్నబోయింది. చటుక్కున లేచింది. ఉండలు నేలమీద దొర్లాయి.

"అయ్యో, పాడుచేశానా? ఎక్కడివక్కడ నేనే మళ్ళీ కట్టేస్తానమ్మా. నీ ఉద్యోగానికి మాట రాకూడదు."

కళాకారిణి హాలంతా ఒకసారి తిరిగొచ్చింది. దొర్లిన ఉండ ఒకటి తీసి చేతిలో పెట్టుకుంది.

"అబద్ధమెందుకు, ముందు నాకు ఒళ్ళు మండింది. కానీ తోచింది చెయ్యమన్నది నేనేగా! ముడి వేసేవాళ్ళే వస్తారనుకున్నాను, విప్పేవాళ్ళు వస్తారని నాకే తట్టలేదు. కానివ్వండి పెద్దమ్మగారూ, మొదలుపెట్టింది పూర్తి చెయ్యండి."

కళ్ళజోడు పెద్దమనిషి అప్పటికే జారుకున్నాడు. ఆకుపచ్చ చిలప కుర్చీ మీద పడి ఉంది. కోడలు ఎవరూ చెప్పకుండానే వచ్చి కూర్చుని చేతులు చాపింది.

అత్తగారు చిలపను ఆమె చేతులకు తగిలించింది. దారం లాగుతూ ఉండ చుట్టసాగింది.

"మీ మామగారిని ఇలాగే కూర్చోబెట్టేదాన్ని. సగం చుట్టేలోపు గురక మొదలు. చేతులు మాత్రం దించేవారు కాదు, మహానుభావుడు!"

కోడలు పకపకా నవ్వింది. మామగారి గురించి ఆవిడ నోరు విప్పడం అదే మొదలు.

"ఇంట్లో ఎప్పుడూ ఇలా దేన్నీ కదిపి చూడరేం అత్తయ్యా? గిన్నె కావాలన్నా నన్నడిగే తీసుకుంటారు."

అత్తగారి చెయ్యి ఆగింది.

"వచ్చిన రోజు అల్మారాలో గాజు గిన్నె తీయబోతే, 'అత్తయ్యా, మీరు ముట్టుకోకండి, నేనిస్తా' అన్నావు. గుర్తులేదూ? నీ వస్తువులు నీకు ప్రాణమేమో అనుకున్నా. తప్పు పట్టడం లేదమ్మా. ఇక్కడ గోడ మీద రాసుంది కాబట్టి ధైర్యం చేశాను."

కోడలికి ఆ గిన్నె సంగతే గుర్తులేదు. ఎంతమందితో ఎన్నిసార్లన్న మాటో అది! కళ్ళు తుడుచుకుందామంటే చేతులకు ఉన్ని.

"ఇటు తిరుగు," అని అత్తగారు తన కొంగుతో తుడిచింది. "పిచ్చిపిల్లా, దీనికి ఏడుస్తారా ఎవరైనా? చెయ్యి దించకు, చిక్కుపడుతుంది."

ఆ రోజు నుంచి హాల్లో విప్పేవాళ్ళకోసం ఒక బల్ల వేయించారు. ఒకవైపు జనం ముళ్ళు వేస్తుంటే, ఇంకోవైపు ముక్కూమొహం తెలియనివాళ్ళు ఎదురెదురుగా కూర్చుని ఒకరు చిలప పట్టుకుంటే ఒకరు ఉండలు చుట్టారు. చేతులు ఖాళీ లేక ఫోన్లు తీయడం కుదరలేదు, ఊరికే కూర్చోలేక కబుర్లు చెప్పుకున్నారు. ప్రదర్శన ఉన్నన్ని ఆదివారాలూ అత్తగారు కోడలికంటే ముందే తయారై గుమ్మంలో నిలబడేది.

ఇంట్లో కూడా సంగతి మారింది. ఒకరోజు పొద్దున్నే కోడలు వంటింట్లో డబ్బాలన్నీ మూతలు తీసి చూసి, చివరికి కేక పెట్టింది.

"అత్తయ్యా! టీపొడి ఏ లోకంలో దాచారు?"

"కిటికీ పక్క అరలో. ఇంత ఇల్లు పెట్టుకుని టీపొడి పొయ్యికి అంత దూరంలోనా పెట్టేది?"

"నాకు అక్కడే వీలు!"

"నాకు ఇక్కడ వీలు!"

మళ్ళీ ఏదో పనిమీద ఊరెళ్ళి అప్పుడే తిరిగొచ్చి, బ్యాగు కూడా దించని కొడుకు గుమ్మంలో నిలబడి, ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూశాడు. ఇద్దరికీ నవ్వాగడం లేదు.