కిందివైపు పట్టిన మనిషి

రెండో అంతస్తు మలుపులో వాషింగ్ మెషీన్‌ని మెట్టు మీద ఆనించి ఇద్దరూ ఊపిరి తీసుకున్నారు. లిఫ్టు పనిచేయడం లేదని తలుపుకి కాగితం అంటించి ఉంది. ఇంకో రెండు అంతస్తులు ఎక్కాలి. కిందాయన నడుం పట్టీని ఒక కన్నం బిగించుకుని, మోకాళ్ళు వంచి, తన చోటికి దిగబోయాడు.

“ఆగు బావా. ఈ రెండంతస్తులూ కింద నేను పట్టుకుంటా,” అన్నాడు మీదాయన.

మెట్లెక్కేటప్పుడు పైనున్నవాడు వెనక్కి నడుస్తూ దారి చూసుకుంటాడు. కిందనున్నవాడు బరువు చూసుకుంటాడు. పైవాడి చెయ్యి జారితే వస్తువు కిందవాడి గుండెల మీదికి వస్తుంది. షాపులో జోడీ కట్టిన మొదటి రోజునే ఎవరెక్కడో తేలిపోయింది. ఒకాయన పొడుగు, ఒకాయన పొట్టి. పొడుగు మనిషి కిందుంటేనే వస్తువు మట్టంగా నడుస్తుంది. అప్పట్నుంచి ఒకరు కిందాయన, ఇంకొకరు మీదాయన. అసలు పేర్లు జీతాల పట్టీలో ఉండిపోయాయి.

“నువ్వు కిందుంటే ఇది నీ నెత్తిన కూర్చుంటుంది. బట్టల్తో పాటు నిన్నూ ఉతుకుతుంది.”

“ఉతకనీ. పాత మరకలు చాలా ఉన్నాయి.”

మీదాయన అప్పటికే దిగి చేతులు పెట్టేశాడు. కిందాయన పైకెక్కి వంగాడు. ఇన్నేళ్ళలో తన జోడీని పైనుంచి చూడటం అదే మొదలు. నడినెత్తిన జుట్టు పలచబడి చర్మం కనిపిస్తోంది. వెనక్కి ఎక్కడం కిందాయనకి చేతకాలేదు. మడమ మెట్టుకి తగిలింది, మోచెయ్యి గోడకి గీసుకుంది. బరువు మోయడం ఒక్కటే వస్తే చాలదు, దారి కూడా తెలియాలని కిందనుంచి మీదాయన రొప్పుతూనే ఎకసెక్కమాడాడు. నాలుగో అంతస్తు చేరేసరికి అతని చొక్కా వీపున తడిసిపోయింది. 

ఆ ఇంటావిడ మెషీన్ చుట్టూ ఒకసారి తిరిగి, ఎవరైనా అడిగేదే అడిగింది. “ఇది బాగా పనిచేస్తుందా? మీ ఇంట్లో ఏ కంపెనీది?”

“మా ఇంట్లో లేదమ్మా,” అన్నాడు కిందాయన.

ఒకప్పుడు ఈ మాట అతని నోట వచ్చేది కాదు. ఇల్లిల్లూ తిరిగి సామాను చేర్చేవాణ్ణి జనం అడిగేది అదొక్కటే. మీ ఇంట్లో ఏది? అతను ఏదో ఒక పేరు చెప్పేవాడు. ఇంట్లో నీళ్ళ కుండ తప్ప ఏమీ లేదు. ఆ అబద్ధం మొదట నాలిక చివర ఉండేది, పోను పోను గొంతులో ముల్లయింది. అబద్ధం మానేయడానికి ఒక దారి ఉంది. ఆ వస్తువు కొనేస్తే అది నిజమైపోతుంది. షాపులో పనివాళ్ళకి ముందుగా పైసా కట్టకుండా వాయిదాల మీద ఇచ్చేవారు. ఫ్రిజ్ తెచ్చాడు. తర్వాత టీవీ, మంచం, పరుపు. తాగుడు లేదు, పేకాట లేదు, ఊళ్ళో చెప్పుకోవడానికి ఒక వ్యసనమైనా లేదు. సామాను విప్పినప్పుడు ఇంట్లోవాళ్ళ మొహాలు ఎలా ఉంటాయో రోజూ చూసినవాడు, అదే మొహం తన భార్య దగ్గర చూద్దామనుకున్నాడు. చూశాడు కూడా. నాలుగైదు సార్లు.

ఆ తర్వాత బ్యాంకు కార్డొచ్చింది. వాయిదాలు కార్డుతో కట్టాడు. కార్డు బాకీ ఇంకో కార్డుతో కట్టాడు. గోతిలో మట్టి తీసి ఆ గోతినే పూడ్చినట్టయింది. ఫోన్లు మొదలయ్యాయి. మెట్ల మధ్యలో, వీపు మీద బీరువా ఉన్నప్పుడు కూడా జేబులో ఫోను కొట్టుకునేది. టీవీ అమ్మాడు, మంచం అమ్మాడు, అమ్మిన వాటికీ వాయిదాలు కడుతూనే ఉన్నాడు. టీ మానేశాడు. బస్సు మానేశాడు. భార్య పగలు బట్టల కార్ఖానాలో కుడుతుంది. వేణ్ణీళ్ళకు చన్నీళ్ళని, సాయంత్రం ఆసుపత్రి క్యాంటీన్‌లో గిన్నెలు తోమడానికి కుదిరింది. సబ్బు నీళ్ళకి ఆమె వేళ్ళ సందులు ఒరుసుకుపోయాయి. ఎన్ని మందులు రాసినా సాయంత్రానికి మళ్ళీ అదే నీళ్ళు. ఏడేళ్ళు అలా గడిచాయి.

కార్డుల బాకీలు ముందే తీరాయి. షాపుకి కట్టాల్సిన చివరి వాయిదా ఇవాళ.

వ్యాను షాపుకి తిరిగొచ్చాక కిందాయన చేతులు కడుక్కుని కౌంటర్ దగ్గర నిలబడ్డాడు. డబ్బు తీసుకున్న గుమస్తా రసీదు చించి ఇచ్చి, పాత ఖాతాదారు కాబట్టి ఈ నెల కొత్త ఫ్రిజ్ మీద తగ్గింపు ఉందని చెప్పాడు. కిందాయన అతని మొహంలోకి చూశాడు. గుమస్తా ఎగతాళి చేయడం లేదు. అందరికీ చెప్పమన్న మాట చెబుతున్నాడు.

బయటికొచ్చి భార్యకి ఫోన్ చేశాడు. వెనక కుట్టు మిషన్లు గోలగోలగా ఉన్నాయి.

“కట్టేశావా?”

“కట్టేశా.”

 మిషన్ల చప్పుడే వినిపించింది. తర్వాత, “అయితే ఇవాళే చెప్పేస్తానయ్యా క్యాంటీన్ మేస్త్రీకి. వచ్చే నెల నుంచి రానని,” అంది. చెప్పమన్నాడు.

మీదాయన ఎదురుగా ఉన్న బడ్డీలో రెండు టీలు చెప్పి పిలిచాడు. వద్దనబోతే, ఇంకా ఎవడికి భయపడుతున్నావని అడిగాడు. కిందాయన గ్లాసు అందుకున్నాడు. చక్కెర ఎక్కువైందనిపించింది, లేక అలవాటు తప్పిందో. మీదాయన గోడకి ఆనుకుని, తన బావమరిది సంగతి ఎత్తాడు. ఓడరేవు దగ్గర గోడౌన్‌లో పని చేస్తున్నాడట.

“అక్కడ మెట్లుండవట బావా. అంతా చదునేనట. ట్రాలీ మీద పెట్టుకుని తోసుకుంటూ పోవడమే.”

“మెట్లు లేకపోతే నీకు తోచదు. ఎవరి మీద అరుస్తావు?”

మీదాయన నవ్వాడు. గ్లాసు అడుగున మిగిలింది పారబోసి, కడుపులో బాగాలేదు, ఇంటికి పోతానన్నాడు. రోడ్డు దాటేటప్పుడు వెనక్కి తిరగలేదు. కిందాయన కూడా చూడలేదు. టీ డబ్బులు ఇచ్చేశాడా లేదా అని బడ్డీవాణ్ణి అడుగుతున్నాడు.

మధ్యాహ్నం తర్వాత పని వేరు. పొద్దున చేర్చిన వ్యానే సాయంత్రం వాయిదాలు కట్టనివాళ్ళ ఇళ్ళకి వెళ్ళి సామాను తెస్తుంది. మేనేజర్ చీటీ ఇస్తూ కుర్చీలోంచి లేచాడు. మామూలుగా లేవడు. చీటీ మీద మీదాయన చిరునామా ఉంది.

నాలుగు నెలలుగా కట్టలేదని మేనేజర్ చెప్పాడు. ఎదురుగా ఉంటే మొహమాటమని, అతను వెళ్ళేదాకా ఆగానన్నాడు. గొంతు తగ్గించి, “జామీను నీదే. గుర్తుందిగా?” అన్నాడు.

గుర్తులేకపోవడమేముంది. షాపులో పనివాడికి అప్పు కావాలంటే అతని జోడీయే సంతకం పెట్టాలి. ఎవరు ఏ వస్తువు పట్టుకున్నా ఇంకో కొస రెండోవాడిది. కిందాయన ఫ్రిజ్ చూసే మీదాయనకి కొనాలన్న బుద్ధి పుట్టింది. నువ్వు కొన్నావుగా, నేనేం పాపం చేశానని వెంటపడితే కిందాయన నవ్వుతూ సంతకం పెట్టాడు. రెండో ఏడు కిందాయన వాయిదాలు తప్పాడు. షాపువాళ్ళు మూడు నెలలు మీదాయన జీతంలో కోశారు. ఆ మూడు నెలలూ మీదాయన ఆ ఊసే ఎత్తలేదు. తన ఇంట్లో మాత్రం, బీరువా అద్దం పగలగొట్టానని, దాని ఖరీదు కోస్తున్నారని చెప్పుకున్నాడు. కిందాయన భార్యకి ఈ సంగతి ఇప్పటికీ తెలియదు.

పక్క సీటు ఖాళీగా పెట్టుకుని కిందాయన వ్యానులో కూర్చున్నాడు. డ్రైవర్ బండి తీశాడు. ఒక్క మాట చెప్పి ఉండొచ్చు కదా, వెధవ, అని కిందాయన పైకే అన్నాడు. చెబితే తనేం చేసేవాడో ఆలోచించాడు. ఆగమనేవాడు, బతిమాలేవాడు, తిట్టేవాడు. చేతిలో మాత్రం ఏమీ లేదు.

ఇంటి యజమానురాలు కింది వాటాలో ఉంటుంది. వ్యాను ఆగగానే తాళంచెవి పట్టుకుని బయటికొచ్చింది. “పొడుగాయన వస్తాడు, ఇమ్మన్నాడు. నువ్వేనా నాయనా?” అంది. భార్యా పిల్లలూ పొద్దున్నే వెళ్ళిపోయారట. అతను ఇప్పుడే ఒక సంచీతో దిగాడట. అద్దె పైసాతో సహా ఇచ్చాడని, ఇలాంటి మనిషిని మళ్ళీ చూడలేనని ఆవిడ చెబుతుంటే కిందాయన మెట్లెక్కాడు.

సామాను తెచ్చుకునే ఇళ్ళు అతనికి తెలుసు. ఫ్రిజ్‌లో గిన్నెలు అలాగే ఉంటాయి, మంచం మీద పసిపిల్ల నిద్రపోతుంటుంది, ముసలమ్మ శాపనార్థాలు పెడుతుంటుంది. ఇక్కడ గది ఊడ్చి ఉంది. మీదాయన వెళ్ళేముందే ఫ్రిజ్ వైరు చుట్టి వెనక కట్టాడు. లోపల తుడిచి, వాసన పట్టకుండా తలుపు సందులో గుడ్డ మడిచి పెట్టాడు. మంచం విప్పి పలకలు వరసగా గోడకి చేర్చాడు. మరలన్నీ చిన్న మూటగా కట్టి మంచం కాలికి ముడేశాడు. టీవీ కొన్ననాటి అట్టపెట్టెలోనే ఉంది. మూలలకి పాత దుప్పటి ముక్కలు కుక్కాడు. తిరిగొచ్చిన సామాను మీద గీత పడితే షాపు ధర కోస్తుంది. కోసిందంతా బాకీలో కలుస్తుంది, బాకీ జామీను మీదికొస్తుంది. ఎన్ని రాత్రులు కూర్చుని చేశాడో గానీ, ఒక్క గీత లేదు. అయినా తగ్గేది కొంతే. మిగిలింది మిగులుతుంది.

డ్రైవర్ ఫ్రిజ్‌ని చూసి, “మన పని మనకే నేర్పి పోయాడన్నా,” అన్నాడు.

ఫోను మోగింది. మేనేజర్‌కి ఇల్లు ఖాళీ అయిన సంగతి ఎలా తెలిసిందో తెలిసిపోయింది.

“నీకు తెలీకుండా ఎక్కడికి పోతాడు? ఊరి పేరు చెప్పు చాలు. మనిషిని పంపిస్తా. కాగితాల్లోంచి నీ పేరు తీసేస్తా. ఇవాళేగా నీది తీరింది. మళ్ళీ మొదటికి రావడం దేనికి?”

కిందాయన కిటికీ దగ్గరికి నడిచాడు. కింద సందులో ఎవరో సైకిల్ తుడుచుకుంటున్నారు. ఒక్క మాట. ఓడరేవు అంటే చాలు. క్యాంటీన్ తొట్టిలో మోచేతుల దాకా మునిగిన చేతులు కళ్ళకి కట్టాయి. ఆ మాట నాలిక మీదికి వచ్చింది కూడా.

“ఏమో సార్. నాకు చెప్పలేదు.”

“ఆలోచించుకో.”

“చెప్పలేదు సార్.”

మేనేజర్ పెట్టేశాడు. తనెందుకు అలా అన్నాడో కిందాయనకి సరిగా తెలియదు. దయ అనుకుందామంటే కడుపులో ఇంకా కోపమే ఉంది. మీదాయన మీద, షాపు మీద, తన మీద. మూడు నెలల అద్దం ఖరీదు అనుకుందామంటే ఇది అంతకు ఎన్నో రెట్లు. చెప్పడానికి నోరు రాలేదు. అంతే.

ఫోను జేబులో పెట్టబోతుంటే మళ్ళీ మోగింది. ఈసారి భార్య. చెప్పేశానంది. మేస్త్రీ సణిగాడట గానీ, నెల దాకా చేసి పొమ్మన్నాడట. ఆమె గొంతులో నవ్వుంది.

“ఏమయ్యా, పలకవే?”

“ఏం లేదు. మెట్లెక్కి వచ్చా.”

“ఇంకేముంది, నెమ్మదిగా ఎక్కు. ఎవరు తరుముతున్నారు ఇప్పుడు?”

ఇంటికొచ్చి మాట్లాడతానన్నాడు. ఆమె నవ్వు ఆగింది. ఎక్కడున్నావని అడిగింది. మీదాయన ఇంట్లో, అన్నాడు. ఆ పేరూ ఆ వేళా కలిపి చూసుకోవడానికి ఆమెకి ఎంతోసేపు పట్టలేదు. అతను సంతకం పెట్టిన రోజు పక్కనే నిలబడి వద్దన్నది ఆమే. ఇప్పుడు, “సరే, రా,” అంది.

టీవీ, పలకలు, పరుపు దించారు. చివర ఫ్రిజ్. డ్రైవర్ పైన పట్టుకున్నాడు. కిందాయన పట్టీ బిగించుకుని కింద చేతులు వేశాడు. డ్రైవర్‌కి అలవాటు లేదు, మలుపు దగ్గర బరువంతా ఒక్కసారి కిందికి వచ్చింది. కిందాయన భుజం ఇచ్చి ఆపాడు. ఫ్రిజ్ గోడకి తగలలేదు.

వ్యాను తలుపు వేశాక డ్రైవర్ దాహమేస్తోందన్నాడు. సామాను పట్టుకుపోయే ఇంట్లో మంచినీళ్ళు ఎవరూ ఇవ్వరు. వీళ్ళూ అడగరు. పని మొదలుపెట్టినప్పటినుంచీ అంతే. తాళం వేయడానికి కిందాయన ఒక్కడే మళ్ళీ పైకెక్కాడు. కిటికీ మూశాడు. లైటు తీసే ముందు వంటగదిలోకి తొంగి చూశాడు.

ఖాళీ గట్టు మీద ఒక స్టీలు బిందె ఉంది. నిండా నీళ్ళు, పైన మూత, మూత మీద కడిగి బోర్లించిన రెండు గ్లాసులు.