మల్సున్ చెప్పిన ఆమెన్

కొరియాలోని మా రేవు సంఘంలో తెల్లవారుజాము ప్రార్థనకి ఒక పద్ధతి ఉంది. వాక్యం చెప్పడం అయ్యాక పాస్టరుగారు దీపాలు తగ్గిస్తారు. అందరం చేతులెత్తి "ప్రభువా" అని మూడుసార్లు కేక వేస్తాం. ఆ తర్వాత ఎవరి మొర వాళ్లది, అందరూ ఒక్కసారే, గొంతెత్తి. ఎనభై మంది కలిసి మొదలుపెడితే పక్కమనిషి ఏం చెప్పుకుంటోందో మనకి వినపడదు. దేవుడికి తప్ప ఎవరికీ వినపడకూడదనే ఆ పద్ధతి పెట్టారు. పాస్టరుగారు బల్లమీది చిన్న గంట కొట్టగానే ఆపేస్తాం.

ఆ ఎనభై గొంతుల్లోనూ నాదే పెద్దది. గొప్పకి చెప్పడం లేదు, ఉన్నమాట. నా పేరు ఒక్‌బున్. అందరూ క్వన్సా గారూ అంటారు. సంఘంలో పెద్దరికం ఇచ్చిన ఆడవాళ్లని అలా పిలుస్తారు. ఎవరింట్లో జబ్బు చేసినా, ఎవరి పడవ రావడం ఆలస్యమైనా నన్ను పిలుచుకెళ్లి ప్రార్థన చేయించుకునేవాళ్లు. నా ప్రార్థన వింటే రాయైనా ఏడుస్తుందనేవాళ్లు. నేనూ అదే అనుకునేదాన్ని.

నా ఎడమపక్కన నాలుగేళ్లుగా మల్సున్ కూర్చునేది. నాకన్నా తొమ్మిదేళ్లు చిన్న. మొగుడు పోయాడు. స్క్విడ్ చేపల్ని చీల్చి, వెదురుకర్రలకి గుచ్చి ఆరబెట్టే పని చేసేది. చేతులెప్పుడూ ఉబ్బి ఉండేవి. ఎవరితోనూ ఎక్కువ మాట్లాడేది కాదు. మతి తప్పిన అత్తగారిని ఏడేళ్లు ఒక్కతే సాకింది. ఆ ముసలావిడ జనవరి చలిలో నిద్రలోనే పోయిందని చెప్పారు.

మా సంఘంలో ఏటా మే నెలలో ఒక ఉత్తమ కోడలికి బహుమతి ఇస్తారు. ఆ ఏడు మల్సున్‌కి ఇచ్చారు. ఆమె వద్దంటే వద్దని కుర్చీ పట్టుకుని కూర్చుంది. పాస్టరుగారి భార్య చెయ్యి పట్టి వేదిక మీదికి లాక్కెళ్లి, అద్దం బిగించిన ప్రశంసాపత్రం, పట్టు దుప్పటి చేతిలో పెట్టింది. నేనూ చప్పట్లు కొట్టాను. కానీ కడుపు మండిపోయింది. మా అత్తగారు పక్షవాతంతో పదకొండేళ్లు మంచంలో ఉన్నారు. ఆవిడ మలమూత్రాలు ఈ చేతులతోనే ఎత్తాను. నాకెవరూ ఒక చేతిగుడ్డ కూడా ఇచ్చిన పాపాన పోలేదు. నాకు బహుమతి అక్కర్లేదు తండ్రీ అని ఆ వేసవంతా రోజూ దేవుడికి చెప్పాను. అక్కర్లేనిదాని గురించి మనిషి రోజూ ఎందుకు చెప్తుందో ఇప్పుడు తెలుస్తోంది.

అక్టోబరులో ఒక తెల్లవారుజామున మల్సున్ వెక్కివెక్కి ఏడుస్తోంది. అందరూ కేకలు పెట్టి ప్రార్థిస్తున్నారు. నేను గొంతు ఆపేశాను. పెదవులు మాత్రం కదుపుతూ ఉన్నాను, ఎవరైనా చూస్తారని. చెవి ఆమె వైపు వంచాను.

"అత్తమ్మా, నువ్వు సముద్రంలోకి నడిచిపోతావని గొళ్లెం పెట్టాను. బయటినుంచి నేనే పెట్టాను. సాయంత్రానికి వచ్చేస్తాననుకున్నాను. వచ్చేసరికి గది వెచ్చబెట్టే పొయ్యి ఆరిపోయింది. తలుపు దగ్గరే పడున్నావు, గోళ్లు విరిగిపోయి. నిద్రలో పోయిందని చెప్పాను అందరికీ. బహుమతి కూడా తీసుకున్నాను. తండ్రీ, నన్నేం చేస్తావో చెయ్యి."

గంట మోగింది. మల్సున్ కళ్లు తుడుచుకుని, నాకు వంగి దండం పెట్టి పనికి వెళ్లిపోయింది.

ఆ ఆదివారం స్త్రీల సమాజం కూటం. అందరి తరఫునా ప్రార్థన చేసే వంతు నాది. మా దగ్గర అలాంటి ప్రార్థన ముందే కాగితం మీద రాసుకుంటారు. నేను మూడుసార్లు చింపి రాశాను. నాలుక జారిందని చెప్పుకోవడానికి లేదు.

"ప్రభువా, ముసలి అత్తను గదిలో బంధించి, చలికి వదిలేసి, మనుషుల చేత మెప్పు పొందిన చేతులు మా మధ్య ఉంటే కనికరించు. ఆ పాపిని ఒప్పుకోనివ్వు" అని చదివాను. పేరు చెప్పలేదు కదా, తప్పేముందనుకున్నాను. నేను ఆ పాపిలాంటివాణ్ని కాను అని గొప్పగా ప్రార్థించిన పరిసయ్యుడి కథ సండే స్కూలు పిల్లలకి ఇరవయ్యేళ్లు చెప్పినదాన్ని.

ప్రతి మాటకీ ఆమెన్ అనే జనం అక్కడ ఆగిపోయారు. బహుమతి తీసుకున్న కోడలు ఎవరో తెలియనివాళ్లు లేరు. అందరూ నోరు మూసుకున్న ఆ చోట ఒక్క గొంతు "ఆమెన్" అంది. మల్సున్ గొంతు. వణకలేదు, గట్టిగానే అంది. నేను కాగితంలో మిగిలింది చదివేశాను.

మర్నాడు పట్టు దుప్పటి మడత విప్పకుండానే గుడి గుమ్మంలో కనిపించింది. పక్క ఊరినుంచి ఆడబిడ్డలు వచ్చి, చేపలు ఆరబెట్టే చోట అందరిముందూ ఆమె జుట్టు పట్టుకున్నారట. ఆ తర్వాత మల్సున్ ప్రార్థనకి రాలేదు. నా పక్క చోటు ఖాళీగా ఉంటే నాకు నా గొంతు మరీ పెద్దగా వినపడేది. మూడు వారాలు చూసి, గుమ్మడికాయ జావ గిన్నె పట్టుకుని వెళ్లాను. ఎలాగైనా ఆమెని మళ్లీ తీసుకురావాలి, అంతే నా మనసులో.

మల్సున్ చేపలు గుచ్చుతోంది. తలెత్తింది.

"వచ్చావా అక్కా. కూర్చోమనడానికి చోటు లేదు, అంతా తడి."

"ప్రార్థనకి రావడం మానేశావేమే? అందరూ నీకోసం చూస్తున్నారు."

"చూస్తారనేగా రానిది."

"నేను పేరు చెప్పలేదు కదే."

"చెప్పలేదు. నీకు మర్యాద తెలుసు." ఇంకో చేప గుచ్చింది. "ఒకటి అడుగుతా. నాలుగేళ్లూ నీ పక్కనే ఎందుకు కూర్చున్నాననుకున్నావ్?"

"నేనంటే అభిమానమనుకున్నా."

"నీ గొంతు పెద్దదని. దాని కింద నా మాట ఎవరికీ వినపడదని. ఆ మైకు పక్కన కూర్చుంటే చెవులు పోతాయే అని నవ్వేవాళ్లు తెలుసా? నాకేమో నీ పక్కనైతేనే నోరు పెగిలేది." చేతులు ఆగాయి. "ఆరోజు ఎందుకు ఆపేశావక్కా?"

గొంతు పట్టేసిందని చెబుదామనుకున్నాను. అంత అబద్ధం ఆ ముఖం చూసి చెప్పలేకపోయాను. వినాలనిపించి ఆపేశానన్నాను. క్షమించమన్నాను.

"క్షమించానులే. నువ్వు చదివినదాంట్లో అబద్ధం లేదు, అందుకే ఆమెన్ అన్నా. కానీ నాకు చెప్పుకోడానికి అదొక్కటే చోటుండేది. ఇంట్లో చెప్పుకుందామంటే ఆ గది అక్కడే ఉందాయె."

"మా ఇంటికి రా. ఇద్దరమే కూర్చుందాం. నేనేమీ మాట్లాడను."

"వద్దక్కా. ఇప్పుడు నోరు తెరిస్తే దేవుడి బదులు నువ్వు వింటున్నట్టుంటుంది." గిన్నె నా చేతికి తిరిగి ఇచ్చేసింది. "జావ చల్లారకముందే ఇంటికెళ్లి తాగు. నాకిక్కడ చేపలు పాడైపోతాయి."

మర్నాడు తెల్లవారుజామున గంట మోగి, అందరూ ఆపాక నేను లేచి నిలబడ్డాను. పక్కమనిషి ప్రార్థనని దొంగిలించానని చెప్పాను. అసూయతో విన్నానని, కావాలనే రాసి చదివానని, మల్సున్ కన్నా పెద్ద పాపిని నేనని చెప్పాను. మాట మాటకీ ఏడ్చాను. అది నిజమైన ఏడుపే. కూర్చునేసరికి చుట్టూ ఆడవాళ్లంతా ఏడుస్తున్నారు.

బయటికి వస్తుంటే పాస్టరుగారి భార్య నా రెండు చేతులూ పట్టుకుంది. "ఇంత తగ్గింపు మనసు ఎవరికుంటుంది క్వన్సా గారూ? ఇన్నేళ్లలో మీరు చేసిన ప్రార్థనలన్నిటిలోకీ ఇదే గొప్పది."

నాకు సంతోషమేసింది. ఒక్క క్షణమే, కానీ వేసింది. దాన్ని తలచుకుంటే ఇప్పటికీ నామీద నాకే రోత పుడుతుంది.

ఆ సంగతి చెబుదామని మల్సున్ దగ్గరికి వెళితే, ఆమె కర్రల దగ్గర వేరే మనిషి పనిచేస్తోంది. ముందురోజు సాయంత్రమే బుసాన్ చేపల బజారులో పనికి వెళ్లిపోయిందట. అక్కడ ఆదివారాలు కూడా పని అడిగి మరీ చేస్తోందని, ఏ గుడికీ వెళ్లడం లేదని తర్వాత తెలిసింది.

ఆ రోజు నుంచి నా పేరు మరీ పెరిగింది. పొరుగూళ్లనుంచి కూడా మనుషులొచ్చి, మీలా తగ్గించుకుని ప్రార్థించేవాళ్లు కావాలని పిలుస్తున్నారు. నేను వెళ్తున్నాను కూడా.