పై వరుస

గ్యాస్ కనెక్షన్ నా పేరు మీదే ఉంది. సిలిండర్ తెచ్చే అతను వాకిట్లో నిలబడి "త్రివేణి ఎవరమ్మా, ఓటీపీ చెప్పున్రి" అని కేకేస్తాడు. ఓటీపీ మాత్రం మా ఆయన ఫోనుకు వస్తుంది. ఆయన ఫోనెత్తకపోతే సిలిండర్ వెనక్కి పోతుంది, వంట ఆలస్యమైనందుకు మాటలు నాకు పడతాయి. రేషన్ కార్డులో ఇంటి యజమానురాలిని నేనే. మహిళా సంఘంలో నా పేరు మీద లోను తీసి ఆయన టైర్ల కొట్టు పెట్టుకున్నాడు. "ఒక్కమాట నన్నడగొద్దా?" అంటే మా ఆయన వీరేశం నవ్వుతాడు. "పేరే గదా నీది. పేరుకేమన్న బరువుంటదా?" మా అత్త కూడా నవ్వుతుంది. వాళ్లతో పాటు నేనూ నవ్వేస్తాను.

ఆ మాటే మిల్లులోనూ విన్నాను. మిర్యాలగూడలో ఒక బియ్యం మిల్లు ఆఫీసులో బిల్లులు కొడతాను నేను. విదేశాల నుంచి బియ్యం కొనే పార్టీ ఆడిట్‌కు వస్తోందనగానే మేనేజర్ సారు హడావుడిగా బోర్డులు రాయించి గోడలకు కొట్టించారు. అన్నీ ఇంగ్లీషులోనే. పిల్లల చేత పని చేయించబోమని ఒకటి, హెల్మెట్ పెట్టుకోమని ఒకటి. ఆ హెల్మెట్లు ఇంకా ఎవరూ కొననే లేదు. మంచినీళ్ల ఫిల్టరు పక్కన నీలం రంగు బోర్డు ఒకటి. ఆడవాళ్లను ఎవరైనా వేధిస్తే ఎవరికి చెప్పుకోవాలో రాసిన కమిటీ బోర్డు. అందరికంటే పైన, అధ్యక్షురాలిగా, నా పేరు. నన్నెవరూ అడగలేదు.

"సార్, గీ కమిటీల నేనేం జెయ్యాలె? మీటింగులేమన్న ఉంటయా?" అంటే సారు ఫోన్లోంచి తల ఎత్తలేదు. "మీటింగులేందమ్మా? పైన లేడీసే ఉండాల్నంట. ఊకె పేరే గదా. మన మిల్లంత ఒక్కటే ఫ్యామిలీ, గిండ్ల కంప్లైంట్లేంది?" నిజం చెప్పాలంటే నాకు లోపల కాస్త గర్వంగానే ఉండింది. బోర్డు ఫోటో తీసి మా చెల్లెలికి పంపాను కూడా. ఆడిట్ వాళ్లు వచ్చారు, వాళ్లూ ఫోటోలు తీసుకున్నారు, జీడిపప్పు తిని వెళ్లిపోయారు.

నిన్న మధ్యాహ్నం సువార్తమ్మ నన్ను ఆ బోర్డు దగ్గరికి పిలిచింది. గోదాంలో తవుడు ఊడ్చే మనిషి, నాకంటే పెద్దది. తెలుగు బైబిల్ గడగడా చదువుతుంది గానీ ఇంగ్లీషు రాదు. కొంగుతో ముఖం తుడుచుకుంటూ గొంతు తగ్గించి చెప్పింది. సూపర్‌వైజర్ లింగస్వామి బస్తాల సందులో దారికి అడ్డంగా నిలబడతాడట. అతని ఒంటికి రాసుకుంటూ పోవాల్సిందే. ఎదురు మాట్లాడితే రేపటి నుంచి రావద్దంటాడట.

"ఇంట్ల జెప్తె నన్నే పని బంద్ పెట్టమంటరు మేడం. మొన్న ఆడిట్‌కొచ్చినామె గీ బోర్డు సూపెట్టి, ఏమన్న ఉంటె వీళ్లకు చెప్పున్రి అన్నది. జర సదివి చెప్పు, ఎవరెవరున్నరు?"

చదివాను. మేనేజర్ సారు పేరు చదివాను. ఓనర్ బామ్మర్ది పేరు చదివాను. సూర్యాపేట వకీలు పేరు చదివాను. పై వరుస వదిలేశాను. లింగస్వామి మేనేజర్ సారుకు సొంత మేనల్లుడు, సారును బతిమాలి నాకీ ఉద్యోగం ఇప్పించింది మా ఆయన. ఇవన్నీ ఆలోచించే వదిలేశానని చెప్పుకుంటే బాగుంటుంది గానీ, ఏమీ ఆలోచించలేదు. నోరు దానంతటదే ఆ వరుసను దాటిపోయింది.

"ఆడోళ్లు ఒక్కరు గుడ లేరా?"

"లేరు."

"ఇగ మొగోళ్లకేం జెప్త," అని చీపురు చేతిలోకి తీసుకుంది. పోతూ పోతూ నా భుజం తట్టింది. "పోనీ తియ్యి బిడ్డా, నువ్వేం జేస్తవ్."

ఇంటికి పోయినా ఆ చెయ్యి నా భుజం మీదే ఉన్నట్టనిపించింది. వీరేశానికి చెప్పాను. "మంచి పని జేసినవ్. నీకెందుకు గా పంచాయితి?" అన్నాడు. పెళ్లయినప్పటి నుంచి ఆయన నన్ను ఇంత మనస్ఫూర్తిగా మెచ్చుకోవడం నాకు గుర్తులేదు. సిగ్గుతో చచ్చిపోయాను. ఇన్నాళ్లూ నా పేరును అందరూ వాడుకుంటున్నారని లోలోపల ఉడుక్కునేదాన్ని. ఒక మనిషికి అది నిజంగా అవసరమైన రోజున దాచిపెట్టింది నేనే. అసలది నాదని ఎప్పుడన్నా అనుకుంటే కదా.

ఈ ఉదయం బ్యాగు కూడా దించకుండా గోదాంలోకి వెళ్లాను. నన్ను చూడగానే సువార్తమ్మ చీపురుతో పక్కకు ఒదిగి దారి ఇచ్చింది. లింగస్వామి అక్కడే ఉన్నాడు. ఆమె చెయ్యి పట్టుకుని బోర్డు దాకా తీసుకొచ్చాను. అద్దాల గదిలోంచి మేనేజర్ సారు మమ్మల్నే చూస్తున్నారు.

"అక్కా, నిన్న నేను పై వరుస సదవలే," అన్నాను, అక్షరాల మీద వేలు పెట్టి. "గీడున్నది ఆడామె పేరే. త్రివేణి. నేనే. ఇగ చెప్పు, ఇంటున్న."