గైడులోని ప్రియమిత్రుడు

సోమవారం ఏడో తరగతిలోకి ప్రభాకర్ వస్తాడు. అందరికీ నమస్కారం పెట్టి మొదటి బెంచీలో కూర్చుంటాడు. నువ్వెవరని ఎవరూ అడగరు. శనివారం పరీక్షలో "నా ప్రియమిత్రుడు" అనే వ్యాసం క్లాసు క్లాసంతా గైడులోంచే దింపేసింది. గైడులో మిత్రుడి పేరు ప్రభాకర్. ఇంతమందికి ప్రియమిత్రుడయ్యాక బడికి రాకపోతే ఏం బాగుంటుంది?

తెలుగు చెప్పే అనసూయ టీచర్ మాత్రం అతన్ని చూసి గుమ్మంలోనే ఆగిపోతుంది. శుక్రవారం శుక్రవారం ఆవిడ పాఠం పక్కన పెట్టి కథల పుస్తకం చదివి వినిపిస్తుంది. ఆ పూట క్లాసులో సుభాషిణి అనే పిల్లకి ఆకలి కూడా గుర్తుండదు. వినడం దాకా బాగానే ఉంటుంది, రాయమంటేనే చెయ్యి గైడు వైపు పోతుంది. సొంతంగా రాస్తే మార్కులు పోతాయని ఆ పిల్లకి చెడ్డ భయం.

"సొంతంగా రాయమన్నాను గదమ్మా," అంటుంది టీచర్ దిగులుగా.

"సొంతముగా రాసినచో తప్పులు దొర్లును టీచర్," అంటాడు ప్రభాకర్, అందరి తరఫునా.

ప్రభాకర్‌కి వంక పెట్టడానికేం లేదు. తెల్లవారకముందే లేచును. పెద్దలను గౌరవించును. తండ్రి వైద్యుడు, తల్లి గృహిణి. అంతకుమించి అతని దగ్గర ఏమీ లేదు. మధ్యాహ్నం అన్నం పెడితే పళ్లెం వంక చూస్తూ కూర్చుంటాడు. ఎలా తింటాడో గైడులో రాయలేదు మరి.

మంగళవారం మస్తాన్‌బీ తుమ్ముతుంది, చప్పుడు రాదు. మస్తాన్‌బీ ఒకటో తరగతి నుంచీ సుభాషిణి పక్కనే కూర్చుంటోంది. కల్లాల్లో మిరపకాయలు ఎండే రోజుల్లో ఆ పిల్ల తుమ్మిందంటే హెడ్‌మాస్టరు గదిలో కాగితాలు లేచిపోతాయి. అలాంటిది ఇప్పుడు నోరు తెరుచుకుంటుంది, తల ఊగుతుంది, అంతే. బుధవారానికి జడ ఉండదు. రిబ్బను మాత్రం భుజం వెనక గాల్లో వేలాడుతుంది. గురువారం ఆమె మొహంలోంచి వెనక గోడ మీది భారతదేశం పటం కనిపిస్తుంది.

"ఏందే, నీలోంచి పటం కనపడతంది?" అంటుంది సుభాషిణి.

"నన్నెవురూ రాయలేదు గదే." మస్తాన్‌బీ గొంతు పక్క క్లాసులోంచి వస్తుంది. "నీ ప్రియమిత్రుడు ఆయనంట గదా."

"మరి నువ్వెవుర్ని రాశావ్?"

మస్తాన్‌బీ తల దించుకుంటుంది. "నేనూ ఆయన్నే."

సుభాషిణి గోళ్లు కొరుక్కుంటుంది.

శుక్రవారం టీచర్ ఎవరి పేరు పిలిచినా "హాజరు టీచర్" అని ప్రభాకరే పలుకుతాడు. పిల్లలుండే చోట యూనిఫారాలు నిటారుగా కూర్చుని ఉంటాయి. తనిఖీకి వచ్చిన పెద్దసారు క్రమశిక్షణ భేషుగ్గా ఉందని మెచ్చుకుని వెళ్లిపోతాడు. ఆయన అటు వెళ్లగానే టీచర్‌కి ఏడుపు తన్నుకొస్తుంది. చేతిలో ఎర్రపెన్ను కిటికీలోంచి అవతలికి విసిరేస్తుంది. శనివారం పేపర్లు ఎవరివి వాళ్ల ముందు మళ్లీ పెడుతుంది.

"గంట కొడితే మీ పేపర్లు ఆఫీసుకి పోతాయి. ఇక ప్రభాకర్ ఒక్కడే మిగులుతాడు," అంటుంది. "ఒక్క వాక్యమమ్మా. మీకు మాత్రమే తెలిసింది రాయండి. తప్పులైనా పర్లేదు."

సుభాషిణి పెన్ను పడుతుంది. "మస్తాన్‌బీ పెద్దలను గౌరవించును" అని చెయ్యి దానంతటదే రాసేస్తుంది. పక్కన మస్తాన్‌బీకి నున్నగా దువ్విన ప్రభాకర్ తల మొలుస్తుంది. అమ్మో అనుకుని సుభాషిణి గబగబా కొట్టేస్తుంది. గైడు లేకుండా బుర్రలో ఏమీ లేదనిపిస్తుంది. ఉన్నదల్లా మస్తాన్‌బీయే.

"మస్తాన్‌బీ తుమ్మేముందు నా చెయ్యి పట్టుకుంటది," అని రాస్తుంది. "మిరప కల్లంలో తొడిమలు తీసి, ఆ చేత్తోనే కళ్లు నులుపుకుని ఏడిసి, ఏడవలేదని అబద్ధమాడద్ది."

ముందు తుమ్ము వస్తుంది. దాని వెనకే ముక్కు, ఎర్రబడ్డ కళ్లు, జడ వస్తాయి. గోడ మీది పటం కనిపించడం మానేస్తుంది.

ప్రభాకర్ లేచి వచ్చి పక్కన నిలబడతాడు. అతని పాపిడి చెదిరిపోతూ ఉంటుంది.

"నాకునూ ఒక తుమ్ము ఇవ్వగలవా?" అని అడుగుతాడు.

"అది మస్తాన్‌బీది. ఇయ్యకూడదు," అంటుంది సుభాషిణి. చెప్పాక పాపం అనిపిస్తుంది.

మస్తాన్‌బీ నవ్వుతూ పక్కకి తిరుగుతుంది. నవ్వు ఆగిపోతుంది. "ఒసే సుభా, ఏడున్నావే?"

"ఈడనే. నీ పక్కనే."

మస్తాన్‌బీకి వినపడదు. సుభాషిణి కిందికి చూసుకుంటుంది. పెన్ను కాగితం మీద నిలబడి ఉంటుంది, పట్టుకున్న చెయ్యి లేదు. వారమంతా మస్తాన్‌బీనే చూస్తూ తనని తాను చూసుకోవడం మర్చిపోయింది.

మస్తాన్‌బీ ఆ పెన్ను లాక్కుంటుంది. "సుభాషిణి పెద్దలను" అని మొదలుపెట్టి, నాలుక కరుచుకుని కొట్టేస్తుంది. తర్వాత ఒక్కో అక్షరం పైకి చదువుకుంటూ రాస్తుంది: "సుభాషిణికి బయమేస్తే గోళ్లు కొరుక్కుంటది."

బెంచీ మీద గోళ్లు వస్తాయి. అన్నీ కొరికినవే. వేళ్లు ఇంకా రాలేదు. బయట అటెండరు గంట కొట్టే సుత్తి చేతిలోకి తీసుకుంటాడు. మస్తాన్‌బీ పెన్ను మూత నోట్లో పెట్టుకుని తర్వాతి వాక్యం కోసం ఆలోచిస్తోంది. ఆమె ముందు బెంచీ మీద గోళ్లు, ఒకదాని తర్వాత ఒకటి, తొందరగా టకటకలాడుతున్నాయి.