బల్ల మీద తెల్ల రొట్టె

పిండి మిల్లు మేస్త్రీకి కాలి బొటనవేలి మీద షుగరు పుండు పడింది. కొత్త తోలు బూట్లు బిగించుకుని తిరిగి తెచ్చుకున్న పుండు. బస్తాలు మోసేవాళ్ళ మీద అజమాయిషీ చేసే మనిషి చెప్పులు వేసుకుంటే కూలీల్లో కలిసిపోతాడట. డాక్టరు చూసి, తెల్ల రొట్టె, పంచదార మానేసి పొట్టు తీయని పిండి రొట్టె తినమన్నాడు. లేకపోతే వేలు తీసెయ్యాల్సి వస్తుందని, వేలితో ఆగుతుందని కూడా చెప్పలేనని అన్నాడు.

వేలు పోతుందన్నప్పుడు మేస్త్రీ తల ఊపాడు. పొట్టు రొట్టె అనగానే మాత్రం ముఖం మాడ్చుకున్నాడు మహానుభావుడు. పక్కనే నిలబడ్డ పెళ్ళానికి ఒళ్ళు మండింది.

"ఆ గడ్డి తినే పెరిగాను. మళ్ళీ అదే తినడానికా ఇంత పైకొచ్చింది?" అన్నాడు ఇంటికొచ్చాక.

పైకి రావడమంటే ఏమిటో ఆవిడకు తెలుసు. బస్తా అతని వీపు దిగి పక్కవాడి వీపెక్కింది, అంతే. చిన్నప్పుడు అతను పగలంతా తెల్లపిండి మోసి, సాయంత్రం మిల్లు గచ్చు మీద ఊడ్చిన పొట్టు మూటగట్టుకుని ఇంటికి పోయేవాడు. ఆ పొట్టుతో తల్లి కాల్చిన రొట్టె గొంతు గీరుకుంటూ దిగేది. ఆవిడ పుట్టింట్లోనూ అదే రొట్టె, అదీ దొరికిన రోజున. వాళ్ళ వీధిలో అందరూ అలా పెరిగినవాళ్ళే. అందుకే ఇప్పుడు ఎవరింటికి వెళ్ళినా ముందు గదిలో బల్ల మీద, గాజు మూత కింద, పెళ్ళి ఫొటో పెట్టినట్టు తెల్ల రొట్టె పెట్టి ఉంటుంది. చూపు మసకబారినవాళ్ళు, కాలు తీయించుకున్నవాళ్ళు దాని చుట్టూ కూర్చుని టీలో పంచదార కుమ్మరించుకుంటారు. తక్కువ వేస్తే వచ్చినవాళ్ళకు అవమానం, ఎక్కువ వేస్తే రోగం. అవమానం కన్నా రోగమే నయమని వీధి మొత్తం ఎప్పుడో తేల్చేసుకుంది.

ఆవిడ మిల్లు యజమాని ఇంట్లో వంట చేస్తుంది. అక్కడ ఇంకో వింత. ఊరందరికీ తెల్లపిండి అమ్మే మనిషి దాన్ని తన గడప తొక్కనివ్వడు. పొట్టు పిండి రొట్టె తప్ప ఆ ఇంట్లో ఇంకోటి కాలదు. అమ్మగారు ముక్క తుంచి కిటికీ దగ్గర వెలుతురులో పట్టి చూస్తుంది. పొట్టు సరిగ్గా కనబడకపోతే ఆ పూటంతా సణుగుడే. భోజనం ఎలా మానెయ్యాలో నేర్పడానికి వాళ్ళకో పంతులమ్మ కూడా ఉంది, జీతమిచ్చి పెట్టుకున్నారు. ఆకలిని కూడా డబ్బిచ్చి తెచ్చుకునే కొంప అది. పైగా పచ్చి ఆకులు నములుతూ అమ్మగారు, మీవాళ్ళకు తిండి మీద శ్రద్ధ ఉండదని వంటావిడకు హితబోధ చేస్తుంది. వంటావిడ "అవునమ్మగారూ" అంటుంది. మనసులో అనుకునేది బయటికి వస్తే ఉద్యోగం ఉండదు.

ఒకరోజు ఆ ఇంట్లో మిగిలిన పొట్టు రొట్టెను, వాళ్ళు పారేసిన అంచు కుట్టిన రుమాల్లో చుట్టి తనకోసం తెచ్చుకుంది. మేస్త్రీ రుమాలు చూశాడు.

"అయ్యగారు ఇదే తింటారా?"

"పూటపూటా ఇదే."

మొద్దు మనిషి రొట్టె మొత్తం తినేసి, రుమాల్లో రాలిన పొడి కూడా వేలితో అద్దుకుని నాకాడు. ఆ రొట్టె కమ్మదనాన్ని మర్నాడు మిల్లులో వర్ణించి వర్ణించి చెప్పాడట. డాక్టరు చెబితే గడ్డి, అయ్యగారి ఎంగిలైతే అమృతం. ఆవిడకు నవ్వొచ్చింది, అసహ్యమూ వేసింది. అయినా వేలు నిలబడాలి. యజమాని ఇంట్లో రోజూ మిగలదు కాబట్టి, అప్పట్నించి మేస్త్రీ మిల్లుకు పోగానే తనే పొట్టు పిండి తడిపి, కాల్చి, సాయంత్రం అదే రుమాల్లో చుట్టి అతని ముందు పెట్టేది. అయ్యగారింటి రొట్టె అనుకుని అతను చంకలు గుద్దుకుంటూ తినేవాడు.

బల్ల మీది తెల్ల రొట్టెను మాత్రం మాననివ్వలేదు. ఎవరైనా వచ్చి పొట్టు రొట్టె ఒక్కటే చూస్తే మళ్ళీ చితికిపోయారనుకుంటారు, ఎవరింటి నుంచి వచ్చిందని ఎవడడుగుతాడు అన్నాడు. కాబట్టి రోజూ కొత్త రొట్టె రావాలి, గాజు మూత కింద కూర్చోవాలి. అతను దాన్ని ముట్టుకోడు. సాయంత్రానికి దాని అంచులు ఎండేవి. అంట్లు తోమాక ఆవిడ దాన్ని తియ్యటి టీలో నానబెట్టి, వంటింట్లో నిలబడే కానిచ్చేసేది. అది భోజనం లెక్కలోకి వస్తుందని ఆవిడ ఏనాడూ అనుకోలేదు.

నెలలు గడిచాక పుండు మానింది. ఆస్పత్రిలో నర్సు కట్టు విప్పి, కొత్త చర్మం వచ్చిందని మెచ్చుకుంది. అంతా అయ్యగారింటి రొట్టె మహిమ అని మేస్త్రీ మొదలుపెట్టాడు. ఆ సోది సాగుతుండగా ఆవిడ లేచి మంచినీళ్ళు తాగింది, కాసేపటికి మళ్ళీ లేచి తాగింది. నర్సు ఆవిడను పిలిచి కూర్చోబెట్టి, వేలికి సూది గుచ్చి చూసింది.

"ఆయన మొదటిసారి వచ్చినప్పటికన్నా మీకే షుగరు ఎక్కువుందమ్మా. ఏం తింటున్నారు?"

ఆవిడ వేలి మీది రక్తపు చుక్క కొంగుతో తుడుచుకుంది.

"ఏముంది, మిగిలింది."

దారి పొడుగునా మేస్త్రీ ధైర్యం చెప్పాడు. అయ్యగారింట్లో అడిగి ఇంకో రొట్టె తెచ్చుకోమన్నాడు, మంచి తిండి తినడానికి నామోషీ ఎందుకన్నాడు. ఆ రొట్టె కాల్చేది తనేనని చెబుదామని నోటిదాకా వచ్చింది. చెబితే రేపట్నించి ముట్టడు, వేలు మళ్ళీ మొదటికొస్తుంది. మింగేసింది. బల్ల మీది రొట్టె ఇక మానేద్దాం అని మాత్రం అంది.

"మానేస్తే పరువేం కావాలి? మిగిలితే పారెయ్యవే. ఇప్పుడు మనకేం తక్కువ?" అన్నాడు.

నిజమే. పారేస్తే సరిపోయేది. ఇన్నాళ్ళూ అంత చిన్న సంగతి తట్టలేదు.

సాయంత్రం గాజు మూత ఎత్తి, రొట్టె తీసుకుని చెత్తబుట్ట దగ్గరికి వెళ్ళింది. బుట్ట మూత తీసింది. చిన్నప్పుడు పుట్టింట్లో ఆకలేస్తే తన చెల్లెలు గోడ సున్నం గీక్కుని తినేది. నోటి చుట్టూ తెల్లగా అంటుకునేది. చెయ్యి కిందికి వంగలేదు. ఇన్నాళ్ళూ మొగుణ్ణి మొద్దు మనిషని తిట్టుకుంది. అతనికైనా అయ్యగారి రుమాలు చూపించి తినిపించొచ్చు. తనకు ఏం చూపించాలో ఆవిడకు తెలియలేదు. తన మీద తనకే రోత పుట్టింది.

బుట్ట మీద మూత పెట్టేసింది. పొయ్యి మీద టీ పడేసి, పంచదార డబ్బా అందుకుంది.