తొక్కని నేల

గోతిలోకి నడుం దాకా దిగి, వాల్వు చక్రం కన్నంలో ఇనప ఊచ దూర్చి, గొలుసు తాత ఉన్న బలమంతా పెట్టి నొక్కాడు. చక్రం మూలిగింది. ఆయనా మూలిగాడు. ఇద్దరిలో ముందు కదిలింది చక్రమే. గొట్టంలో గాలి గుర్రుమంది, ఆ వెనక నీళ్లు మొదటి వరుస ఇళ్లవైపు నడిచాయి.

చక్రానికి పిడి విరిగి చాలా కాలమైంది. అప్పటినుంచి ఆ ఊచే పిడి. మూరెడు పొడవు, బొటనవేలంత లావు, ఒక కొస మొన, రెండో కొస ఉంగరంలా వంచిన కన్ను. ఆ కన్నుకు కట్టిన ఎర్రగుడ్డలో ఇప్పుడు రెండు పోగులే మిగిలాయి. ఆనకట్ట వాళ్లు కొండను కొలిచిన రోజుల్లో, కొలత గొలుసు పొడవుకొకటి చొప్పున నేలలో గుచ్చుకుంటూ పోయిన ఊచల్లో ఇదొకటి. గొలుసు కొస పట్టుకుని ముందు నడిచింది ఈయన. పేరు అలా తగులుకుంది. అప్పట్లో వాలు మీద బతికినవాడు ఇప్పుడు వాల్వు మీద బతుకుతున్నాడు. తిప్పేది చక్రాన్ని, తిప్పలు మాత్రం తనవి.

"తాతా, నీళ్లు మరీ సన్నంగా వస్తున్నాయి," అని కుళాయి దగ్గర ఒకామె కేకేసింది.

"మనల్ని ముంచడానికైతే పరిగెత్తుకొచ్చాయి. తాగడానికి పిలిస్తే వాటికి సిగ్గు."

ఇరవై రెండేళ్లుగా అదే జోకు. ఇరవై రెండేళ్లుగా అదే నవ్వు. ముంపు ఊరివాళ్లకని కట్టి దీన్ని కాలనీ అన్నారు గానీ, కాలు నిలపడానికి ఒక చెట్టు నీడ లేదు. నాలుగు వరుసల రేకుల ఇళ్లు. పొద్దున రెండు వరుసలకు, సాయంత్రం రెండు వరుసలకు, వరుసకు అరగంట నీళ్లు.

వదిన వచ్చి గోతి అంచున నిలబడింది. పోయిన అన్న భార్య, నాలుగో వరుసలో చివరి ఇల్లు. డెబ్బై దాటినా పరాయి చేలలో కలుపు తీస్తుంది, తనకంటూ చేను లేదు గనక.

"ఇవాళేనయ్యా మరిదీ. బడిగదిలో ఆఫీసరు కూర్చుంటాడట. జాబితాలో వదిలేసిన భూములకి ఇదే ఆఖరి విచారణట. మా వాలు ఎక్కణ్నుంచి ఎక్కడిదాకా ఉందో గొలుసు పట్టిన నువ్వు చెప్పాలి. ఆ కొలతల గుమాస్తా కళ్లు మూసుకుని మా పదకొండు ఇళ్లూ ఎగ్గొట్టాడని కూడా చెప్పు. వాడి చేతులు పడిపోను."

"వస్తాలే వదినా," అని తాత ఊచవైపు చూశాడు. ఎడమ భుజం రెండు రోజులుగా లాగుతోంది. ఆ తిట్టుకి ఇంకాస్త లాగినట్టయింది.

కొండమీద వాళ్ల సేద్యానికి ఒక పద్ధతి ఉండేది. ఒక వాలులో మూడు పంటలు తీస్తే, ఏడేళ్లు దాన్ని బీడుగా పడుకోనిచ్చేవాళ్లు. పడుకున్న నేలను తొక్కేవాళ్లు కాదు. మేక అటు పోయినా వెనక్కి మళ్లించేవాళ్లు. కొలతల గుమాస్తా వచ్చిన ఏడాది పదకొండు ఇళ్ల వాలులు పడుకుని ఉన్నాయి. తాత గొలుసును వాటి అంచులనుంచి చుట్టూ తిప్పి తీసుకుపోయాడు. గుమాస్తా ఎండకు రొప్పుతూ, "అటేముంది?" అనడిగితే, "దారి ఇటు," అన్నాడు. పరాయివాళ్ల గొలుసు లాగుతూ కూడా నేల నిద్ర చెడగొట్టలేదని ఆ రాత్రి ఎంత గర్వపడ్డాడో. గొలుసు తగలని నేల కాగితానికెక్కలేదు. మునిగే నేలకిచ్చే బదులు భూముల జాబితా చదివిన రోజున పదకొండు ఇళ్లు అందులో లేవు. ఊరంతా గుమాస్తాను తిట్టింది. తాత నోరు మెదపలేదు. కొలతలో జరిగింది అలా కలతగా లోపలే ఉండిపోయింది.

బడిగదిలో ఆఫీసరు పిల్లల బల్ల మీద పటం పరిచాడు. వదిన, మరో పదిళ్లవాళ్లు గోడవారగా కూర్చున్నారు. ఆఫీసరు వేలు పటంలో ఖాళీగా ఉన్న చోట ఆగింది.

"గొలుసు పట్టింది మీరేనా? ఈ తెల్లగా ఉన్నదేంటి? గుమాస్తా కొలవలేదా?"

తాత గొంతు సవరించుకున్నాడు. "ఆయన తప్పు లేదు బాబూ. నేనే చుట్టూ తిప్పి తీసుకుపోయాను. పడుకున్న నేల. తొక్కకూడదు."

తాత గోడవైపు చూడకుండా, పటం మీద చెయ్యి పెట్టి, పదకొండు వాలులూ చెప్పాడు. ఎవరిది ఏ బండ దగ్గర మొదలై ఏ వాగు దగ్గర ఆగుతుందో, పైనుంచి కిందికి, ఒక్కటీ తడబడకుండా. ఇప్పుడు వాటి మీద నలభై నిలువుల నీళ్లున్నాయి. ఆఫీసరు అంతా రాసుకుని వేలిముద్ర వేయించుకున్నాడు.

"పైకి పంపిస్తాను. పైవాళ్లు మళ్లీ పిలుస్తారు, వాళ్ల ముందు ఇదే మాట మీ నోటితో చెప్పాలి. చూసినవాళ్లలో మిగిలింది మీరొక్కరే. అందుబాటులో ఉండండి."

"ఎక్కడికి పోతాను బాబూ? పంపేచోట్లన్నీ అయిపోయాయి కదా."

ఎవరూ నవ్వలేదు. వదిన అప్పటికే లేచి వెళ్లిపోయింది.

సాయంత్రం మూడో వరుస కట్టేసి నాలుగోది తిప్పుతుంటే ఆమె బిందెతో వచ్చింది. బిందె దించకుండా, నడుమునే ఉంచుకుని నిలబడింది.

"ఇరవై రెండేళ్లు ఆ గుమాస్తాని తిట్టాను."

"ఊఁ."

"నేనక్కడున్నా తొక్కనిచ్చేదాన్ని కాదు." బిందె సర్దుకుని, "అప్పుడే చెప్పుంటే ఇంకోసారి కొలిపించేవాళ్లం కదయ్యా. అప్పటికింకా ముంపు నీళ్లు రాలేదు," అంది.

ఆమె కుళాయివైపు వెళ్లిపోయింది. తాత గోతిలోనే అంచుకు వీపు ఆనించి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. భుజం లాగడం ఆగింది.

అరగంట దాటింది. నాలుగో వరుసకు నీళ్లు ఆగలేదు. బిందెలు నిండాయి, తొట్లు నిండాయి, గిన్నెలు నిండాయి. "ఇవాళ తాతకి మన వరుస మీద దయ పుట్టింది," అని ఎవరో అన్నారు. నీళ్లు గడపల ముందు పారుతుంటే, కట్టెయ్యమని చెప్పడానికి వదినే వచ్చింది. రెండుసార్లు పిలిచింది. తర్వాత గోతిలోకి దిగి, ఆయన తలను తన భుజానికి ఆనించుకుని, అరవకుండా కూర్చుండిపోయింది.

వాళ్ల పక్కన చక్రం కన్నంలో ఊచ అలాగే ఉంది. దాని ఉంగరానికి ఎర్రపోగులు రెండూ తడిసి అంటుకున్నాయి.